పిడుగు మోసిన రాగి కడ్డీ ఆత్మకథ

ఈ కడ్డీ తన గురించి చెప్పుకునేటప్పుడు ‘నేను’ అనదు, ‘ఈ కడ్డీ’ అనే అంటుంది. ఊళ్ళోని మేడ బడికి నడినెత్తిన నిలబడ్డదానికి ఆపాటి దర్జా ఉంటుంది మరి.

ఊరు కోస్తాలోది, బడి రెండంతస్తులది. ఈ కడ్డీ అసలు సిసలు రాగిది, పైన అయిదు మొనలు. అక్కణ్ణించి ఒక రాగి పట్టీ గోడ పట్టుకుని దిగి జామచెట్టు పక్కన ఎర్తు గోతిలోకి పోతుంది. గోతిలో రాగి పలక, దాని చుట్టూ బొగ్గూ ఉప్పూ. ఈ ఏర్పాటంతా ఎప్పుడో ఒకసారి, రెప్పపాటులో అయిపోయే పని కోసం. మిగతా కాలమంతా ఈ కడ్డీ మీద కాకులు వాలతాయి, సంక్రాంతికి గాలిపటాలు చిక్కుకుంటాయి.

ఆ రెప్పపాటు పని ఒక ఏప్రిల్ సాయంత్రం వచ్చి పడింది. పొద్దున్నుంచీ ఎండ మండిపోయి, మూడు దాటాక పడమట మబ్బు లేచింది. మబ్బూ మబ్బూ గుద్దుకుంటే ఉరుము పుడుతుందని బడిలో చాలామంది పిల్లలు ఇప్పటికీ నమ్ముతారు. గుద్దుకోవడం అబద్ధం కాదు గానీ గుద్దుకునేవి మబ్బులు కావు. మబ్బు కడుపులో పైకి లేచే సన్నటి మంచు పలుకులూ, కిందికి జారే మెత్తటి వడగళ్ళూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడికి పలుకులు ధన విద్యుత్తుతో పైకి పోతాయి, వడగళ్ళు రుణ విద్యుత్తుతో అడుగున పోగవుతాయి. అలా కూడినదంతా ఇక పట్టలేక తెగుతుంది.

తెగినా ఒక్క ఊపున నేలకు రాదు. సుమారు 50 మీటర్ల చొప్పున అంగలు వేస్తూ, ప్రతి అంగకీ సెకనులో కొన్ని లక్షో వంతుల కాలం ఆగుతూ, వంకర్లు తిరుగుతూ దిగుతుంది. నేల దగ్గర పడేసరికి కింద ఎత్తుగా ఉన్నవన్నీ పైకి చేతులు చాస్తాయి. తాటిచెట్టు చాస్తుంది, సెల్ టవరు చాస్తుంది, గుడి ధ్వజస్తంభం చాస్తుంది. ఈ కడ్డీ కూడా చాచింది. మొనల దగ్గర సన్నగా సుయ్‌మన్న చప్పుడు, ఆపైన చెయ్యి కలిసింది. వేల ఆంపియర్ల కరెంటు రాగి పట్టీ వెంట గోతిలోకి దిగిపోయింది. నడిమి మొన కరిగి మొద్దుబారింది.

మొద్దుబారితే పరువేం పోలేదు. 1770లలో ఇంగ్లండు రాజు మూడో జార్జి, మొన తేలిన కడ్డీలు, పిడుగు కడ్డీ కనిపెట్టిన అమెరికన్ ఫ్రాంక్లిన్ మతమనీ మొద్దు కడ్డీలే మేలనీ పట్టుబట్టాడు. అప్పట్లో అది అమెరికా మీది కోపం. తీరా రెండు వందల ఏళ్ళు దాటాక న్యూమెక్సికో కొండల మీద పరీక్షలు పెట్టి చూస్తే, పిడుగులు కాస్త మొద్దుగా ఉన్న కడ్డీల మీదే పడ్డాయి.

ఇక ఉరుము సంగతి. మెరుపు దారి లావు చూస్తే బొటనవేలంత. దాని లోపలి వేడి దాదాపు 30,000 డిగ్రీలు, సూర్యుడి పైపొర కంటే అయిదు రెట్లు. అంత వేడి అంత తక్కువ కాలంలో ఎక్కితే అక్కడి గాలికి మెల్లగా వ్యాకోచించే వ్యవధి ఎక్కడిది? పేలుతుంది. మబ్బు నుంచి మొన దాకా, కిలోమీటర్ల పొడుగునా, ఆ దారిలోని గాలంతా పేలుతుంది. ఆ పేలుడే ఉరుము. మెరుపు వెనకాల ఉరుము వస్తుందనేది దూరాన ఉన్నవాళ్ళ మాట. ఈ కడ్డీకి మాత్రం రెండూ ఒక్క క్షణంలోనే.

ఆ సాయంత్రం ఆ ఒక్క పిడుగునే ఊరు నాలుగు రకాలుగా విన్నది. మెట్ల కింద తలదాచుకున్న వాచ్‌మన్‌కి ‘ఫెళ్’మని ఒక్కటే చప్పుడు. రెండు కిలోమీటర్ల అవతల చెరువు గట్టు మీద గేదెలు తోలుకొచ్చే ఆసామికి మెరుపు కనబడ్డ ఆరు సెకన్లకు గుడగుడ మొదలై ఎంతకీ ఆగలేదు. పెద్ద ఊరేగింపులో డప్పులన్నీ ఒక్కసారే మోగించినా ముందువాటి దెబ్బ ముందూ, వెనకవాటి దెబ్బ వెనకా వినబడుతుంది. కిలోమీటర్ల మెరుపు కూడా అంతే, దగ్గరి కొస ముందు పలుకుతుంది, మబ్బులోని కొస ఆఖరున. హైవే మీద ముప్ఫై కిలోమీటర్ల దూరాన బస్సులో ఉన్నవాళ్ళకు మెరుపు ఒక్కటే కనిపించింది. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది కాబట్టి చప్పుడు పైకి వంగిపోతుంది, అంత దూరం నేల మీద చెవులకు అందదు.

బడి ఎదురింటి మామ్మ విన్నది నాలుగో రకం. మెరుపు చూడగానే ఆవిడ ‘అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి’ అంటూ అర్జునుడి పది పేర్లూ ఎత్తుకుంటుంది. ఆ రోజు ‘అ’ అనే లోపే ఇల్లంతా అదిరింది. మిగతా రోజుల్లో ఆవిడ నిదానానికి ఒక్కో పేరుకీ ఒక సెకను పడుతుంది. చప్పుడు సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే మూడు సెకన్లకు కిలోమీటరు. ‘పార్థ’ దగ్గర ఉరిమితే పిడుగు కిలోమీటరు దూరాన పడ్డట్టు. ‘సవ్యసాచి’ దాకా వచ్చాక ఉరిమితే మూడు కిలోమీటర్లు. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమని ఆవిణ్ణి మనవలు ఆటపట్టిస్తారు గానీ, దూరం కొలిచే మంత్రంగా అది బాగానే పనిచేస్తుంది.

మెరుపు ముందా, ఉరుము ముందా అనే ఈ వరస ఎంతెంత వాళ్ళనో తికమక పెట్టింది. కన్ను చెవికంటే ముందు గ్రహిస్తుందని అరిస్టాటిల్‌కి తెలుసు. తెలిసి కూడా, నిజానికి ఉరుమే ముందు పుడుతుంది, మెరుపు ముందు కనబడుతుందంతే అని రాశాడు. ఐరోపాలో ఉరుముల్ని తరిమికొట్టడానికి చర్చి గంటలు మోగించేవాళ్ళు. ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైన గోపురంలో, తడిసిన తాడు పట్టుకుని నిలబడి! ఎందరో గంటలవాళ్ళు అలా పిడుగుకు బలైపోయారు. చంపేది ఒకటైతే వాళ్ళు కొట్లాడింది దాని చప్పుడుతో.

ఈ కడ్డీ వంశానికి మూలపురుషుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా గంటలే కట్టాడు, కాకపోతే తెలివిగా. 1752లో ఫిలడెల్ఫియాలోని తన ఇంటికి ఇనుప కడ్డీ బిగించి, దాని తీగకు రెండు గంటలు తగిలించాడు. నల్లమబ్బు ఇంటి మీదుగా పోతే, మెరుపూ ఉరుమూ లేకపోయినా అవి మోగేవి. తర్వాత ఆయన లండన్‌లో ఉన్నప్పుడు, ఇంట్లో ఉన్న భార్య డెబోరాకి ఆ మోత భయం పుట్టించింది. రెండు గంటలకీ మధ్య ఒక తీగ కట్టు, ఊరుకుంటాయి అని ఆయన ఉత్తరం రాశాడు. ఆ ఇల్లాలి పక్షానే ఈ కడ్డీ ఓటు.

మళ్ళీ మన దగ్గరికి వస్తే, 24 ఏప్రిల్ 2018న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్కగట్టింది. దేశం మొత్తమ్మీద 2022లో పిడుగుపాటుకు 2,887 మంది పోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. వీళ్ళలో చాలామంది పొలాల్లో, చెట్ల కింద ఉన్నవాళ్ళు. ఉరుము విని, హమ్మయ్య, పడాల్సింది ఎక్కడో పడిపోయింది అనుకుంటారు. ఆ ఒక్కటీ పడింది, నిజమే. ఉరుము మామూలుగా పదిహేను కిలోమీటర్లకు మించి వినబడదు. వినబడిందీ అంటే మబ్బు తర్వాతి పిడుగుకు అందేంత దగ్గర్లోనే ఉన్నారన్నమాట. అందుకే ఆఖరి ఉరుము విన్నాక ముప్ఫై నిమిషాలు నాలుగు గోడల మధ్యే ఉండమంటారు.

బడిలో ఈ ముప్ఫై నిమిషాల మీద రోజూ గొడవే. వాన వెలిసిందంటే పిల్లలు వరండాలో గుంపు కడతారు, బంతి ఎవడో ఒకడి చంకలో ఉంటుంది.

‘‘వాన ఆగిపోయింది కదండీ మాస్టారూ!’’

‘‘ఇందాక ఉరిమిందా, లేదా?’’

‘‘ఎక్కడో దూరంగా అండీ. పది దాకా లెక్కపెట్టాం.’’

‘‘పదంటే మూడు కిలోమీటర్లు. లోపలికి పదండి.’’

ఈ కడ్డీ కింద ఉన్నాం కదా అని ఒక గడుగ్గాయి వాదిస్తాడు. కడ్డీ కాపలా మేడకీ, దాని వార నాలుగు అడుగులకీ గానీ ఆటస్థలానికి కాదు. ఆ మాట మాస్టారు చెబుతూ ఉండగానే పడమట మళ్ళీ మెరుస్తుంది. వరండా అంతా ఒక్క గొంతుతో ఒకటీ, రెండూ, మూడూ అని మొదలుపెడుతుంది. ముప్ఫై నిమిషాలూ మళ్ళీ మొదటికి.