ఒకటికి ఎదురు ఏడు: ఒక చేతి గడియారం ఆత్మకథ

నేను చేతి గడియారాన్ని. పుట్టిల్లు ఏదైతేనేం, మెట్టినిల్లు నైరోబీ. ఇప్పుడు మొయాలె సరిహద్దు దాటి అడిస్ అబాబాకు మకాం మార్చాను. దారిలో నా ముల్లు ఎవరూ తిప్పలేదు, తిప్పే పనీ లేదు. కెన్యా, ఇథియోపియా రెండూ గ్రీనిచ్ కన్నా 3 గంటలు ముందుండే దేశాలే. అయినా ఇక్కడి వీధిలో నేను ఆరు గంటలు తప్పు. వీళ్ల లెక్క పొద్దుపొడుపుతో మొదలు. నా ముఖం మీద ఉదయం 7 ఉంటే వీళ్లకు 1, మధ్యాహ్నం 12 అయితే 6, సాయంత్రం 7 మళ్లీ 1. పొరుగు దేశానికి వెళ్లినవాళ్లను పడగొట్టేది కొత్త వస్తువు కాదు, పాత వస్తువుకే మారిన లెక్క అంటాను. ఇంజెరా కొత్తదని పళ్లెం చూడగానే తెలుస్తుంది. ఫిదెల్ లిపి రాదని బోర్డు చూడగానే తెలుస్తుంది. తెలియదని తెలిసినచోట మనిషి అడుగుతాడు. రోడ్డు మాత్రం తెలిసిన రోడ్డులాగే ఉంటుంది. కెన్యాలో బళ్లు ఎడమవైపు, ఇక్కడ కుడివైపు. అలవాటైన మెడ ముందు కుడికే తిరుగుతుంది, బండి ఎడమ నుంచి వస్తుంది. క్యాలెండరూ అంతే. 30 రోజుల నెలలు పన్నెండు, ఆపైన అయిదో ఆరో రోజుల పగుమే నెల. 2007 సెప్టెంబరులో వీళ్లు 2000వ సంవత్సరం పండుగ చేసుకున్నారు. అద్దె కాగితం మీది సంవత్సరాన్ని అచ్చుతప్పు అనుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

చేతిలో ఫోనుండగా ఈ గొడవేమిటని అడుగుతారు. విమానానికైతే నిజమే, అక్కడ నడిచేది ప్రపంచం టైమే. ఊళ్ల మధ్య తిరిగే బస్సుకు 11 గంటలకు రమ్మన్నారంటే చాలాసార్లు అది తెల్లవారుజాము 5. ఫోను చూసుకుని పొద్దెక్కాక వెళ్తే మిగిలేది ఖాళీ స్టాండే. ఇదంతా పాతకాలపు పద్ధతి, మానేస్తే పోలేదా అని ఇంకొందరు. అడిస్ అబాబా భూమధ్యరేఖకు తొమ్మిది డిగ్రీల ఎగువన ఉంది. ఏడాది మొత్తంలో పగటి నిడివి తేడా సుమారు గంట. పొద్దు ఇంత నమ్మకంగా పొడిచేచోట అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టడమే విడ్డూరం. సూర్యోదయం నుంచి 60 ఘడియలు లెక్కించే పంచాంగం ఇంట్లో ఉన్నవాళ్లకు నేను వేరే చెప్పాలా? ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పడానికి వచ్చిన తెలుగు మాస్టార్లకైనా ఇది మరీ పరాయి ఊహ కాదు.

అయితే నా ముల్లునే తిప్పేస్తే సరి అనేది గట్టి అభ్యంతరం. ఇక్కడ అలా పెట్టుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకది చెల్లుతుంది. వలస వచ్చినవాడికి మాత్రం రెండు లెక్కలతోనూ పని: ఇంటికి ఫోను చేయాలి, బజారుకూ వెళ్లాలి. ఒకదానికి తిప్పితే రెండోది తప్పుతుంది. నా ముఖం కాస్త దగ్గరగా చూడండి. 7కు సరిగ్గా ఎదురుగా 1, 8కి ఎదురుగా 2. చిన్న ముల్లును వెనక్కి పొడిగించినట్టు ఊహించుకుంటే దాని తోక చూపేదే ఇథియోపియా గంట. నిమిషాల ముల్లు జోలికి పోనక్కరలేదు. కెన్యావాడికి ఈ చూపు కొత్తదీ కాదు. ఇంగ్లిషులో సెవెన్ అనే వేళను స్వాహిలీలో సా మోజా, అంటే ఒకటో గంట, అనే అంటాడు. స్వాహిలీలో 'సా', అమ్హారిక్‌లో 'సఆత్', రెండూ గంటకూ నాకూ కలిపి పెట్టిన పేర్లే. ఇంట్లో ఉన్న చదువునే ఇక్కడ వాడుకోవాలి. ఇథియోపియా వాళ్లది తలకిందుల లెక్క అని విసుక్కునే కెన్యావాడు తన నాలుకను తానే మరచినట్టు.

ఆ చదువు అలవాటయ్యేదాకా ఒక్క పని చేయండి. టికెట్టు కొనేటప్పుడు గంట చెబితే అది ఎవరి గంటో, పగటిదో రాత్రిదో, కౌంటరు దగ్గరే అడిగేయండి.