అనుభవదారు పేరు మార్పునకై తహసీల్దారువారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ తహసీల్దారువారి సముఖమునకు,

మదనపల్లె దాపున ఎఱ్ఱగరపనేలలో నాకుగల నాలుగు సెంట్ల టమాటాతోటకు (అది గ్రామకంఠము గాక పట్టాభూమియే యని ముందుగనే మనవి చేయుచున్నాను) తమ అడంగలునందు పట్టాదారుగను అనుభవదారుగను నా పేరే వ్రాయబడియున్నది. మొదటిది నిజము. రెండవది అబద్ధమగుటచే, ఆ గడిలో నా పేరు కొట్టివేసి వేరుబుడిపె నులిపురుగుల పేరు వ్రాయింప ప్రార్థించుచున్నాను.

సాక్ష్యము వేళ్ళలోనే యున్నది. నీరు పుష్కలముగ పెట్టినను మధ్యాహ్నమునకు వాడి సాయంకాలమునకు తేరుకొను మొక్కను, ఎరువు చాలలేదనువారి మాట త్రోసిపుచ్చి పెరికి చూచినచో, వేరు పొడవునను బుడిపెలే కనబడును. చిక్కుడుజాతి మొక్కలకు మేలుచేయు బుడిపెలు గోట గీరినంతనే రాలిపోవును. ఇవి వేరులో భాగమే కావున రాలవు. కంటికానని పిల్లపురుగు వేరుకొనయందు చొచ్చి, లోపలి కణములను తన స్రావములచే ఏమార్చి, అనేక కేంద్రకములుగల మహాకణములుగ పెంచి, ఆజీవనాంతము వానినే పీల్చుచు, కదలక మెదలక, 300 నుండి 500 వరకు గ్రుడ్లు పెట్టును. వెచ్చని నేలలో ఇంచుమించు నెలకొక తరము. వీరిలో ముఖ్యమైన జాతి మగపురుగుతో నిమిత్తమే లేక వర్ధిల్లుచుండుటచే, కుటుంబసభ్యుల ధ్రువపత్రమున తండ్రి పేరు వ్రాయవలసివచ్చినప్పుడు తమ గుమాస్తాగారు చిక్కుపడుదురేమో!

వెడలగొట్టరాదా యందురా? పంట మార్చి బెండ వేసినచో దానిని మరింత ప్రీతితో ఆరగింతురు. రెండువేలకు పైబడిన మొక్కజాతులు వీరికి భోజ్యములు. వేసవిలో తడిపిన నేలపై పారదర్శకమైన పాలిథీను కప్పి నాలుగైదు వారములు ఉంచినచో పైపొరలోనివారు పెక్కుమంది చత్తురు గాని లోపొరలోని జ్ఞాతులు మరల పైకి వత్తురు. బంతివేళ్ళలోని ఆల్ఫా టెర్థీనైల్ వీరికి విషమే. అయినను గట్టున నాటిన నాలుగు మొక్కలు పండుగ తోరణమునకు చాలును గాని, తోటయంతయు ఒక పంటకాలము ఒత్తుగ బంతియే పెంచిననే ఫలముండును. 1940ల దశకమున కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు అడవి టమాటానుండి సంకరమొనర్చి తెచ్చిన నిరోధక జన్యువు స్టే ఉత్తర్వు వంటిది: నేలవేడి 28 డిగ్రీలు దాటినచో దాని బలము సన్నగిల్లును, మా వైశాఖమున అది చెల్లదు. ఏటేట వేపపిండి వేయుచు, వేసవిలో నేల నెండగట్టుచు, నిరోధక రకమును చలికాలమున నాటుచు వీరితో రాజీపడుటయే మేలని నా అభిప్రాయము. ఒక సంచి గుళికలతో సమూలనిర్మూలన మనువారి పత్రమును దొంగదస్తావేజుగ పరిగణింతును.

వీరు ప్రవేశించినది కొన్న నారుతో. ఏ నారుమడియో చెప్పను. నారు కొనువారెల్లరు ఆకుల పచ్చదనమునే చూతురు గాని వేళ్ళు చూడరు, అమ్మువారు చూపరు.

విచారణకై విచ్చేయు అధికారులు మరలి పోవునప్పుడు చెప్పులకంటిన మన్నును నా తోటలోనే కడిగికొని పోవలెనని మనవి. పొరుగు సర్వేనంబరునకు ఈ అనుభవదారులు వ్యాపించుటకు ఆపాటి మన్ను చాలును.

ఇట్లు,
తమ విధేయుడు,
పట్టాదారు