పదింటికి గోదారి పరీక్షట!

మా రోజుల్లో గోదారి నీళ్ళకి పరీక్షలేంటండీ! రాజమండ్రిలో కొళాయి లేని ఇళ్ళకి కావిళ్ళతోనో బిందెలతోనో రేవు నుంచే నీళ్ళొచ్చేవి. మంచినీళ్ళు ముంచేది ఎగువన. గేదెల్ని కడగడం, బట్టలుతకడం దిగువన. ఆ కట్టు తప్పినవాడికి రేవులో ఆడవాళ్ళే గడ్డి పెట్టేవారు. బోర్డు లేదు, జరిమానా లేదు. అదే నీళ్ళు మధ్యాహ్నం తన పిల్లాడి గ్లాసులోకి వస్తాయి కాబట్టి ప్రతి మనిషీ కాపలాదారే.

వరద రోజుల్లో ఎర్రనీళ్ళొస్తే బిందె లోపల చిల్లగింజ అరగదీసేవాళ్ళం. తెల్లారేసరికి బురద అడుక్కి దిగి, పైన తేట మిగిలేది. ఈ మాట చెప్తే మా వీధి కుర్రాడు, "చిల్లగింజ మట్టినే దించుతుందండి తాతగారూ, క్రిములు అలాగే ఉంటాయి" అన్నాడు. నాకు చెప్పొచ్చాడు! కలరా రోజుల్లో మా అమ్మ ఆ తేటనే మళ్ళీ కాచి, చల్లార్చి పోసేది.

తరవాత ఇంటింటికీ కొళాయి వచ్చింది. ఊరు ఊరంతా గోదారికి వీపు తిప్పేసింది. మురుగు అటు, చెత్త అటు, వినాయకచవితి వెళ్ళాక ప్లాస్టర్ బొమ్మలూ అటే. ధవళేశ్వరం దగ్గర నుంచి కాలవలు ఈ నీళ్ళే పట్టుకెళ్తాయి. డెల్టా ఊళ్ళు మంచినీళ్ళ చెరువులు నింపుకునేది వాటితోనే. మనం ఇక్కడ వదిలింది అక్కడెవరో తాగుతున్నారు.

ఇప్పుడేమో ఆదివారం పదింటికి కుర్రాళ్ళు గట్టెక్కుతున్నారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, ముందు ఫొటోలు, తరవాత సీసాలు. ఒక సీసాలో మందు కాగితం ఉంటుంది. మలం కలిసిన నీళ్ళు పోస్తే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. 1982లో మన దేశపు శాస్త్రవేత్తలే ప్రకటించిన పద్ధతట. ఇంకో సీసాని గాలిబుడగ లేకుండా అంచుదాకా నింపి రెండు మందులు చుక్కలేస్తారు. నీళ్ళలో ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు మడ్డి కడుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను.

కానీ పదింటికేంట్రా పరీక్ష? ఎండెక్కాక నాచు ప్రాణవాయువు వదులుతుంది, లెక్క బాగానే కనిపిస్తుంది. రాత్రంతా అదే నాచు ఉన్నది పీల్చేసుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచేది అందుకే. భీమవరం వైపు ఏ చెరువు రైతునైనా అడగండి, రాత్రిళ్ళు నిద్ర మానుకుని ఏరియేటర్లు ఎందుకు తిప్పుతాడో చెప్తాడు. గోదారి రోగం తెలియాలంటే కోడి కూసే వేళకి రేవులో ఉండాలి. అలారం పెట్టుకున్నా లేవని తరం ఇది!

స్నానం చేసే నదిలో లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. కుర్రాళ్ళు లెక్క రాసిన కాగితం పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే, "మీ పరీక్ష చెల్లదండి" అన్నారు. నిజమే. 1974 నాటి నీటి చట్టం ప్రకారం అధికారులు పద్ధతిగా తీసిన నమూనాకే కోర్టులో విలువ. మాది చెల్లకపోతే మీరొచ్చి తియ్యండి బాబూ అంటే, అక్కడి అధికారి ఫ్యాను కేసి చూశాడు. అందుకే కుర్రాళ్ళ సీసా కావాలి. అది తీర్పు కాకపోవచ్చు గానీ, అధికారిని కుర్చీలోంచి లేపే ఫిర్యాదు అవుతుంది.

2027లో పుష్కరాలున్నాయి. లక్షలమంది మునుగుతారు. కాబట్టి నాయనలారా, టీషర్టు మాసినా పరవాలేదు. నెలకోసారి తెల్లారకుండా లేవండి. మురుగు కాలవ కలిసే చోటుకి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా పట్టండి. ప్రతిసారీ అదే చోటు, అదే వేళ. తేదీ వేసి రాయండి, నకలు పేపరువాళ్ళకీ ఇవ్వండి. ఏడాది లెక్క తేలాక ఆఫీసుకి నేనూ వస్తాను. అరవడానికి ఒక ముసలాడు ఉండాలి కదా!