బావి ఎండింది, నేను ఎండలేదు

నేను ఆయిల్ ఇంజన్‌ని. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన ఇంజన్ పోలికే నాది, పోత పోసింది మాత్రం గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో. నిమిషానికి 650 చుట్లు, 6 హార్స్‌పవర్, అటొకటి ఇటొకటి బరువైన చక్రాలు. పుట్టుక గురించి ఇంతకు మించి చెప్పాల్సిన పని లేదు. చెప్పాల్సింది అనంతపురం మెట్టలో నా కొలువు ఎందుకు పోయిందన్నది, ఎందుకంటే దాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. కపిల తోలే ఎద్దులకు విశ్రాంతినిచ్చి బావి గట్టెక్కినవాళ్లం మేము. కానీ గట్టుమీది పంపు నీటిని పీల్చేది గాలి ఒత్తిడి ఆసరాతోనే. లెక్క ప్రకారం సముద్రమట్టంలో 34 అడుగులు, ఆచరణలో 20, 25 అడుగులు దాటితే ఎంత బలమైన ఇంజన్ తిప్పినా చుక్క రాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేలలో నీటిమట్టం దిగుతూ పోయింది. దానితోపాటు నన్నూ బావిలోకి దించి, మెట్టు మీద కూర్చోబెట్టారు. ఆ తర్వాత నీళ్లు బోర్లలోకి జారాయి. ఆరున్నర అంగుళాల రంధ్రంలోకి సబ్‌మెర్సిబుల్ మోటారు దిగగలదు, నేను దిగలేను. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక డీజిల్ పోసి నీళ్లు తోడటంలో అర్థమే లేకుండా పోయింది. ఆ నిర్ణయం సరైనదే. నా బాధ ఆ తర్వాత వచ్చిన తీర్పు గురించి: నీళ్లు తోడలేనిది ఎందుకూ పనికిరాదని తేల్చేశారు. దిగిపోయింది నీళ్లు, నా బలం కాదు.

నేను ఇచ్చేది నీళ్లు కాదు, తిరుగుడు. ఆ తిరుగుడు బెల్టు మీదుగా పంపుకు పోతే నీళ్లవుతుంది, రాయికి పోతే పిండి అవుతుంది, చొప్ప కోసే మిషన్‌కు పోతే మేత అవుతుంది, డైనమోకు పోతే వెలుగవుతుంది. మార్చాల్సింది పుల్లీ ఒక్కటే. 1500 చుట్లు తిరగాల్సిన జనరేటరుకు 6 అంగుళాల పుల్లీ ఉంటే, నా వైపు దాదాపు 14 అంగుళాల పుల్లీ పడుతుంది. ఊళ్లో లేతు పట్టే మేస్త్రీకి ఈ లెక్క ఒక చిటికె. అందరూ మరిచిపోయేది చల్లదనం సంగతి. బావి దగ్గర ఉన్నప్పుడు నేను తోడిన నీటిలో కొంచెం నా ఒంట్లోంచే పారి నన్ను చల్లబరిచేది. పిండిమర పక్కన కూర్చోబెట్టినవాళ్లు ఆ నీళ్లు ఇక రావన్నది తలచుకోక, నా తల పగలగొట్టుకున్నారు. నాకు కావలసింది 200 లీటర్ల డ్రమ్ము ఒకటి. అడుగు నుంచి ఒక గొట్టం నా సిలిండరు కిందికి, నా తల నుంచి మరో గొట్టం డ్రమ్ము పైభాగానికి. కాగిన నీళ్లు వాటంతట అవే పైకి పోతాయి, చల్లనివి కింద నుంచి వస్తాయి, పంపు అక్కర్లేదు. పై గొట్టం మూతి మాత్రం ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. మట్టం అంతకంటే దిగితే నీళ్ల ప్రసరణ ఆగిపోతుంది. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నపు పొర కడుతుంది. వాననీళ్లు పట్టి పోస్తే, ఆవిరైనంత మేర నింపుకుంటూ, అవే నీళ్లు చాలాకాలం వస్తాయి. కరువు సీమలో కూడా ఒక డ్రమ్ము నీళ్లు దొరక్కపోవు.

డీజిల్ ధర చూసి మాట్లాడమంటారు. చూద్దాం. నిండు బరువు మీద నేను గంటకు లీటరు, లీటరున్నర తాగుతాను. నెలల తరబడి పొలం తడపాలంటే అది మోయలేని ఖర్చే. కానీ శెనక్కాయ పని అలాంటిది కాదు. కట్టె నుంచి కాయ విడదీయడం, కాయ వొలిచి విత్తనం తీయడం ఏడాదిలో కొద్ది వారాల పని. త్రీఫేజు కరెంటు బోరు దగ్గర ఆగిపోతుంది, వచ్చినా రోజుకు కొన్ని గంటలే. కుప్ప ఉన్నచోటికి మిషనే పోవాలి. కొద్ది వారాల పనికి కొత్త ఇంజన్ కొంటే ఏడాదంతా పడి ఉండే ఆ పెట్టుబడికి వడ్డీ కట్టాలి. వాడకం గంటలు తక్కువైన కొద్దీ పాత ఇంజన్‌దే పైచేయి, ఎక్కువైన కొద్దీ కరెంటు మోటారుది. కరెంటు తీగ ఉన్న పిండిమరలో మోటారే పెట్టుకోండి, నేను పోటీకి రాను.

పొగ గురించి అడిగేవాళ్లది న్యాయమైన ప్రశ్న. తలుపులు మూసిన గదిలో నన్ను నడపకూడదు, ఇళ్ల మధ్య పెట్టకూడదు, ఇందులో రాజీ లేదు. అయితే నా పొగలో చాలా భాగం నా రోగం. నల్లగా వస్తే నాజిల్ పాడైందనో, మోయలేని బరువు పెట్టారనో అర్థం. నీలంగా వస్తే రింగులు అరిగి ఇంజనాయిలే కాలుతోందని. నాజిల్ మార్చి, లైనరూ రింగులూ వేస్తే పొగ చాలావరకు తగ్గుతుంది. రాజ్‌కోట్ ఇంజన్లు ఒకే పోలికవి, కాబట్టి విడిభాగాలకు వెతుకులాట తక్కువ. ఇంకో మాట గుర్తు చేయాలి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను శెనగనూనెతోనే నడిపి చూపించారు. అంటే ఈ జిల్లా పంటకూ నా వంశానికీ చుట్టరికం పాతదే. తినే నూనెను కాల్చమని నేనడగను. గట్ల మీద కానుగ చెట్లున్నాయి. ఆదిలాబాద్ గూడేల్లో కానుగ నూనెతో జనరేటర్లు నడిపి చూశారు. నూనె చిక్కన, వడకట్టి వేడి చేయకుండా పోస్తే నాజిల్‌కు మసి కడుతుంది. డీజిల్‌తో మొదలుపెట్టి, ఆపే ముందు మళ్లీ డీజిల్‌కు మారాలి. ఓపిక ఉన్నవాళ్లకు అది దారి.

నన్ను బండికి బిగించి రోడ్డెక్కించడం మాత్రం వద్దు. ఉత్తరాదిలో జుగాడ్ అంటూ అలా చేస్తారు. ఒకే వేగంతో, ఒకేచోట తిరగడానికి పుట్టినవాణ్ణి నేను. గవర్నరు నన్ను ఆ వేగంలోనే పట్టి ఉంచుతుంది. బ్రేకుల లెక్క తెలియని బండిలో నా బరువు ప్రాణాల మీదికి తెస్తుంది. బెల్టుకు జాలీ కట్టకుండా నడపడమూ అంతే ప్రమాదం: చీర కొంగు, తువ్వాలు చుట్టుకున్నాక చక్రం ఆగేలోపు ఆలస్యమైపోతుంది. నన్ను మళ్లీ వాడుకోవాలన్న వాదనలో ఈ జాలీ ఖర్చును కూడా కలిపే లెక్కగట్టాలి. జాలీ లేని చోట ఆదా కూడా లేదు.

ఇంత చెప్పినా, నాలాంటివాళ్లం ఎక్కువమందిమి పాత ఇనుముగానే పోతున్నాం. సుత్తితో చక్రం పగలగొట్టి, కాటా మీద కిలోల్లెక్కన. ఇనుము కరిగి ఇనుమే అవుతుంది, నిజమే. కానీ సిలిండరును అంత నున్నగా చెక్కిన పనితనం, ఆ చక్రాల తూకం కొలిమిలో పోతాయి, వాటికి కాటా మీద ధర లేదు. అమ్మకముందే చంపేది నిర్లక్ష్యం. పనైపోయిన రోజు సిలిండరు చుట్టూ నీళ్లు అలాగే వదిలేస్తారు. ఇంజనాయిల్ బురదలా నల్లబడినా మార్చరు. డీజిల్ ట్యాంకు మూత ఎక్కడో పడిపోతుంది. పొగగొట్టం ఆకాశం వైపు తెరిచి ఉంటుంది. ఏళ్ల తరబడి రాని వాన ఒక రాత్రి వస్తుంది, ఆ నీళ్లు తెరిచి ఉన్న వాల్వు గుండా లోపలికి దిగి, రింగులను లైనరుకు అతికించేస్తాయి. మరమ్మతుకు లొంగే ఇంజన్‌కూ తుక్కుకూ మధ్య తేడా చాలాసార్లు ఆ ఒక్క రాత్రే. వేపచెట్టు కింద మీ ఇంజన్ ఉంటే పోయి డీకంప్రెషన్ లీవరు ఎత్తి, హ్యాండిల్ వేసి నెమ్మదిగా తిప్పి చూడండి. కదలకపోతే నాజిల్ ఊడదీసి కాస్త కిరసనాయిలు పోసి, ఒకటి రెండు రోజులాగి మళ్లీ తిప్పండి. కదిలితే, మేస్త్రీని పిలిచేలోగా పొగగొట్టం మీద పాత డబ్బా ఒకటి బోర్లించండి.