పెరటి పెద్దపెట్ట గారికి ఒక బహిరంగ లేఖ

మహాలక్ష్మీసమానురాలైన పెద్దపెట్ట గారి సముఖానికి,

పెరట్లో కోళ్లు పెంచుకునే ఇళ్లవాళ్లు సవినయంగా పెట్టుకున్న అర్జీ.

విషయం: తొట్టిలో పోసిన దాణా నేలపాలు కావడం గురించి.

అమ్మా,

ఈ అర్జీ కలెక్టరాఫీసుకు పోకుండా నేరుగా తమరి గూటికే రావడానికి కారణం ఉంది. పెరట్లో చెల్లేది తమరి మాటే. ఇది ముఖస్తుతి కాదు, శాస్త్రం. నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె చిన్నప్పటి నుంచీ కోళ్ల మందను కనిపెట్టి చూస్తూ, ఏ పెట్ట ఏ పెట్టను పొడుస్తుందో రాసిపెట్టుకుంటూ వచ్చి, 1920ల మొదట్లో ఒక సంగతి లోకానికి చెప్పాడు. మందలో ప్రతి పెట్టకూ ఒక అంతస్తు ఉంటుంది. పైనున్నది కింది దాన్ని పొడుస్తుంది, కిందిది నోరు మూసుకుని పక్కకు తప్పుకుంటుంది. అందరినీ పొడిచి, ఎవరి చేతా పొడిపించుకోనిది ఒకటే ఉంటుంది. ఆ పదవిలో ఉన్నది తమరు. ఎన్నికలు లేవు, పదవీకాలం గడువూ లేదు.

ఇక ఫిర్యాదు. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. పూర్తిగా దాణా మీదే బతికే అయిదు పెట్టలుంటే ఏడాదికి 200 కిలోలు. అందులో పదో వంతు మట్టిలో కలిసినా 20 కిలోలు పోయినట్టే. గుడ్డు మీద పడే ఖర్చులో 60 నుంచి 70 శాతం దాణాదే కాబట్టి, తొట్టి చుట్టూ కనబడే ఆ పసుపుపచ్చ పొడి ఇంటివాళ్ల కంటికి చిల్లర డబ్బుల్లాగే కనబడుతుంది.

తమరు భోంచేసే తీరు గురించి సాక్షులు చెప్పేది ఇదీ. ముక్కు తొట్టిలో దించుతారు. కుడికో విసురు, ఎడమకో విసురు. పొడి అంచు దాటి చిమ్ముతుంది. మొక్కజొన్న పలుకు బయటపడగానే టక్కున అందుకుని తల పైకెత్తి మింగుతారు. మళ్లీ విసురు. పులిహోరలో పల్లీలు మాత్రమే ఏరుకు తినే పిల్లాడికీ తమరికీ పెద్ద తేడా లేదు. ఎగిరిపడే ఆ పొడిలోనే విటమిన్లు, ఖనిజ లవణాలు ఉంటాయి. అవి వదిలేసి పలుకులు మాత్రమే తింటే కడుపు నిండుతుంది కానీ, గుడ్డు పెంకు పలచబడుతుంది.

తమరి తరఫు వాదన కూడా రికార్డులోకి ఎక్కాలి. తమరి పూర్వీకులు ఆసియా అడవుల్లో తిరిగిన ఎర్ర అడవికోళ్లు. రాలిన ఆకుల్ని కాళ్లతో వెనక్కి గీరి, కింద పురుగుందా గింజుందా అని వెతకడమే వాటి బతుకు. అందుకే కళ్లెదుట తొట్టి నిండుగా ఉన్నా తమరి కాళ్లు ఊరుకోవు. పైగా పళ్లు లేని ముక్కు ఏరుతుంది, విసురుతుంది. అది దాని పని. కాబట్టి తమరిని వదిలేసి తొట్టిని బోనెక్కిస్తేనే కేసు తేలుతుంది.

తొట్టి మీద మొదటి అభియోగం, నిండుగా ఉండడం. కోళ్ల పెంపకం పుస్తకాల్లో చాలాకాలంగా అచ్చవుతున్న లెక్క ఒకటుంది. తొట్టిని అంచు దాకా నింపితే దాదాపు 30 శాతం వృథా. మూడింట రెండొంతులు నింపితే 10 శాతం. సగానికి నింపితే 3 శాతం. మూడో వంతు మాత్రమే పోస్తే 1 శాతం. రోజుకోసారి నింపి చేతులు దులుపుకునే బదులు ఉదయం కొంత, సాయంత్రం కొంత పోస్తే చాలు, కొత్త సామాను ఏదీ కొనక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పందెం పుంజుకు బాదం పప్పులు లెక్కపెట్టి పెడతారే తప్ప, తొట్టిలో కుమ్మరించరు కదా.

రెండో అభియోగం, నేల మీద ఉండడం. తొట్టి అంచు పెట్ట వీపు ఎత్తుకు రావాలి. అప్పుడు మెడ చాచి తినొచ్చు కానీ, లోపలికి కాలు పెట్టి గీరడానికి వీలుండదు. తొట్టిని తాడుతో వేలాడదీస్తే, కోడిపిల్లలు పెరిగేకొద్దీ తాడు పైకి లాక్కోవచ్చు. అంచు లోపలికి వంగి ఉంటే విసిరిన దాణా మళ్లీ అందులోనే పడుతుంది. పొడుగు తొట్టి అయితే పైన గుండ్రంగా తిరిగే కర్ర ఒకటి బిగించాలి. తమరు దాని మీద ఎక్కి కూర్చోబోతే అది తిరిగి తమరిని కింద దించుతుంది. అలా దాణాలో రెట్ట పడకుండా ఉంటుంది.

మూడో సంగతి కొంచెం సున్నితమైనది. తొట్టి ఒక్కటే అయితే తమరు దానికి కాపలా కాస్తున్నారు. కింది అంతస్తు పెట్ట వచ్చి, భయం భయంగా ఒక ముక్కుడు దాణా అందుకుని, తమరి పోటు పడేలోగా పారిపోతూ సగం దారిలో రాల్చేస్తోంది. పక్కపక్కన నిలబడి తినడానికి ఒక్కో పెట్టకు కనీసం జానెడులో సగమైనా చోటు కావాలి. తమరికి కనబడనంత దూరంలో, చెట్టు చాటునో గోడ మూలనో రెండో తొట్టి పెట్టడానికి అనుమతి దయచేయాలని ప్రార్థన. తమరి అధికారానికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు.

రాత్రి పాలన విషయం తమరి దృష్టికి వచ్చిందో లేదో. చీకటి పడితే తమరికి కళ్లు సరిగా ఆనవు, గూడెక్కి పడుకుంటారు. అప్పుడు తొట్టి దగ్గర విందు ఎలుకలది, పందికొక్కులది. ఎదిగిన ఎలుక ఒక రాత్రికి 20 నుంచి 30 గ్రాములు తినగలదు. అంటే నాలుగైదు ఎలుకలు చేరితే ఇంట్లో కనబడని పెట్ట ఇంకొకటి ఉన్నట్టే, గుడ్డు మాత్రం పెట్టదు. ఎలుకలు తిన్నదానికంటే మూత్రంతో, పెంటికలతో పాడుచేసేది ఎక్కువ. ఎలుకల మందు కోసం పరుగెత్తే ముందు చేయాల్సింది ఒకటే: పొద్దుగూకేసరికి తొట్టి ఖాళీ చేసి లోపల పెట్టడం, దాణాను గోనెసంచిలో వదిలేయకుండా మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పోసి ఇటుకల మీద ఉంచడం.

వానాకాలంలో ఇంకో ప్రమాదం. జల్లుకు తడిసిన దాణా ఉండలు కట్టి బూజు పడుతుంది. దాన్ని ఎండలో ఆరబోసి మళ్లీ తొట్టిలో వేసే పొదుపరులు ఉన్నారు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుక్కుంటూ పోయినవాళ్లకు దొరికింది బ్రెజిల్ నుంచి వచ్చిన బూజు పట్టిన వేరుశనగ చెక్క. అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడింది అప్పుడే. బూజు ఎండితే రాలిపోవచ్చు, విషం పోదు. అలాంటి దాణాకు చోటు పెంటకుప్పే. తొట్టి మీద చిన్న రేకు చూరు వేస్తే ఈ నష్టం అసలు ఉండదు.

తొట్టి అడుగున మిగిలే పొడి మాత్రం పారేయదగ్గది కాదు. దానికి కాసిని నీళ్లు చిలకరించి ముద్దలా కలిపితే తమరు ఏరడానికి ఏమీ ఉండదు, అంతా తినాల్సిందే. కాకపోతే ఎండాకాలంలో తడి మేత తొందరగా పులుస్తుంది. తినగలిగినంతే కలిపి, మిగిలితే గంటా రెండు గంటల్లో తీసేయాలి. మిట్టమధ్యాహ్నం తమరికి ఎలాగూ ఆకలి ఉండదు కాబట్టి ఎండాకాలపు మేత తెల్లవారుజామునే, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాకే.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. పగలంతా తిరిగి పురుగూ గడ్డీ ఏరుకుని, సాయంత్రం గుప్పెడు నూకలతో సరిపెట్టుకోగల జాతులవి. తమరిని పొద్దుటే గూట్లోంచి వదిలితే దాణా ఖర్చు అక్కడే తగ్గుతుందని ఇళ్లవాళ్లకు తెలుసు. పక్కింటి తోటకూర మడి ఒక్కటే అడ్డం. ఆ మడికి కంచె విషయం వేరే అర్జీలో విన్నవించుకుంటారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి దాణా డబ్బా మోసే ఇళ్లవాళ్లు

ప్రతులు: పుంజు గారికి, సమాచారం నిమిత్తం మాత్రమే. చర్య తీసుకోనక్కర్లేదు.
పందికొక్కులకు ప్రతి పంపడం లేదు.