తీయాలి, కానీ తీయకూడదు

చోడవరంలో ఆయన్ని చందమామ మాస్టారు అంటారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు గానీ, ఆ సంగతి శిష్యులకే గుర్తులేదు. ఇలాంటివాళ్లు ఊరికొకరుంటారు. చిన్నప్పుడు ప్రాణంగా చదివిన నవల తెరమీదికి రావాలని ముప్పూటలా కోరుకుంటారు, నిజంగా వస్తోందంటే గుండె పట్టుకుంటారు. మా మాస్టారికి ఆ నవల ‘రాకాసిలోయ’.

దాసరి సుబ్రహ్మణ్యంగారు 1952లో చందమామలో చేరి, 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, ఒకదాని వెనక ఒకటి సీరియళ్లు రాశారు. ‘రాకాసిలోయ’ వాటిలో ఒకటి. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. అవన్నీ చందమామే రాసుకుంటుందని మాస్టారు చాలాకాలం నమ్మారట. ఆ నెలనెలా పేజీలు విప్పి, వరసగా పేర్చి, గట్టి అట్టతో బైండు చేయించారు. పుస్తకం చూపిస్తారు, ఇవ్వరు. చిత్రకారుడు చిత్రాగారి బొమ్మ వచ్చినచోట మాత్రం పేజీ అంచు రెండు వేళ్లతో పట్టుకుని, మనం ఊపిరి గట్టిగా వదిలినా ఓసారి కళ్లజోడు మీంచి చూస్తారు.

గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి చెరకు ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో రోడ్డు దాటడం కుదరదు. అప్పుడు టీకొట్టు దగ్గర సినిమా మొదలవుతుంది.

“మాస్టారూ, మరి ఈరో ఎవులండీ?” అంటాడు టీకొట్టువాడు.

“అదేరా చిక్కు. కేశవుడంటే మీసం సరిగా రాని కుర్రాడు. మన హీరోలకేమో మీసానికి రంగెయ్యాలి.”

“పోనీ బ్రహ్మదండి మాంత్రికుడు?”

“ఎస్వీ రంగారావుండాలి.”

“ఆయన ఎప్పుడో పోయారు కదండీ!”

“1974లో. అందుకే తీయొద్దంటున్నాను.”

లొకేషన్ విషయంలో మాత్రం ఆయనకు బెంగలేదు. మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కితే రాకాసిలోయ అక్కడే ఉందని చిన్నప్పుడే తేల్చుకున్నారు. పచ్చగుడ్డ కట్టి కంప్యూటర్లో లోయ పుట్టిస్తారని ఎవరో చెబితే, ఆ రోజు టీ సగంలో వదిలేశారు. యూనిట్‌వాళ్లు మాడుగుల హల్వా దగ్గర ఆగిపోతారేమోనన్నది మాత్రం నా భయం.

‘పాతాళభైరవి’ సంగతి ఎత్తాను ఒకసారి. 1951లో అది తీసింది చందమామ నడిపిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే. మూలం మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లోది. పింగళి, కేవీ రెడ్డిగార్లు ఆ కథను తమకు కావలసినట్టు మలుచుకున్నారు. మజిలీ కథల్ని కంఠతా పట్టినవాళ్లు ఆ రోజు హాలు బయట గొణుక్కునే ఉంటారు కదా అన్నాను. మాస్టారు కాసేపు ఆలోచించి, “వాళ్లు వేరు” అన్నారు. ఎలా వేరో చెప్పలేదు. ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. నెలకోసారి హీరోని ప్రాణాపాయంలో వదిలేసి ‘ఇంకా ఉంది’ అనే కథని మూడు గంటల్లో బిగిస్తే, భయపడడానికి మనకి నెల గడువేదీ?

తమిళ నవల ‘పొన్నియిన్ సెల్వన్‌’ని ఎంజీఆర్ తీయాలనుకుంటే, చివరికి మణిరత్నం చేతుల్లో 2022లో ఒక భాగం, 2023లో ఇంకో భాగం వచ్చాయి. అది తెలిసి మాస్టారు ఎంతో తేలికపడ్డారు. “చూశావా, తమిళులు తొందరపడలేదు.” అయినా దర్శకులకు షరతుల ఉత్తరాలు రాస్తూనే ఉంటారు: పాటలొద్దు, కేశవుడి నేస్తం జయమల్లుకి కామెడీ అంటగట్టొద్దు. 2022లో చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా, కింద విశాఖపట్నం జిల్లా అనే రాస్తారు. జవాబు రాకపోతే తప్పు జిల్లా మార్పిడిది.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ పనిచేసే మా ఊరి కుర్రాడొకడు వచ్చాడు. చిన్న డెమో చేసి నిర్మాతలకి చూపిస్తాను, పుస్తకం వారం రోజులు ఇవ్వండి మాస్టారూ అన్నాడు. ఆయన ముఖంలో ముందు ఆనందం, వెంటనే ముచ్చెమటలు. చివరికి స్వయంగా జిరాక్స్ షాపుకెళ్లి, బైండు నలగకుండా దగ్గరుండి తీయించి ఇచ్చారు. చివరి భాగం మాత్రం తీయించలేదు. “ముందు ఇంతవరకు ఎలా చేస్తాడో చూద్దాం.”

ఇప్పుడా కుర్రాడు రెండ్రోజులకోసారి ఫోన్ చేస్తున్నాడు. డెమో ఊసే లేదు. కేశవుడు బతికాడా లేదా చెప్పండి మాస్టారూ అని ఒకటే గోల.

“వచ్చే నెల” అని పెట్టేస్తున్నారు మాస్టారు.