బొగ్గుముక్క అధ్యాయం

వట్లూరు టీకొట్టు బల్లమీద ముగ్గురు పెద్దమనుషులు. ఒకడు పిల్లల పుస్తకాల ప్రచురణకర్త. రెండోవాడు రచయిత, వారానికో మహనీయుణ్ణి పుట్టించి చంపగల దిట్ట. మూడోవారు రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ప్రూఫులు ఉచితంగా చూసిపెడతారని ప్రచురణకర్తే ఆయన్ని పిలిపించాడు.

పుస్తకం చిత్రకారుడు దామెర్ల రామారావు జీవితం.

"మొదటి అధ్యాయంలోనే గోడమీద బొగ్గుముక్కతో బొమ్మ గీయించారు. తండ్రి బెత్తం ఎత్తాడు, బొమ్మ చూసి కింద పారేశాడు. ఇదెవరు చూశారండీ?" అన్నారు మాస్టారు.

"గోడ చూసింది."

"మీ రవివర్మ పుస్తకంలోనూ ఇదే గోడ కదా!"

"అది కిళిమానూరు గోడండీ. ఇది రాజమండ్రి గోడ."

మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టారు. 1550లో ఇటలీలో వసారి అనే ఆయన చిత్రకారుల జీవితాలు అచ్చేశాడనీ, అందులో జొట్టో అనే గొర్రెలకాపరి పిల్లాడు బండమీద గొర్రెను గీస్తుంటే దారినపోతున్న చిత్రకారుడు చిమబ్యూ చూసి శిష్యుణ్ణి చేసుకున్నాడనీ, దాన్ని చరిత్రకారులు కట్టుకథ కిందే లెక్కేస్తారనీ చెప్పారు.

రచయిత మొహం విప్పారింది. "అయితే నాలుగొందల యాభై ఏళ్ళు దాటిన సంప్రదాయమన్నమాట. చెరపడానికి నేనెవర్ని?"

తరవాతి పేజీలో చిన్నారి రామారావు కొల్లేటి గట్టున కూర్చుని గూడబాతుల్ని గీస్తున్నాడు.

"ఆయన రాజమండ్రిలో పుట్టిన గోదావరి బిడ్డ. కొల్లేరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఏలూరు, గూడెం బళ్ళలో అమ్ముకోవాలి కదా మాస్టారూ," అన్నాడు ప్రచురణకర్త. "కాకినాడ ముద్రణలో ఓడరేవు పెడతాం."

గూడబాతులు ఎగిరిపోయినా మాస్టారికి అంత బాధ లేదు. కూల్డ్రే దొర ఎగిరిపోవడమే ఆయనకు మింగుడుపడలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలైన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. రామారావు చేతిలో పనితనం కనిపెట్టి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్ళేలా చేసిన మనిషి. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. పుస్తకంలో దొర లేడు, బొంబాయి బడి లేదు, ఏళ్ళ తరబడి సాధన లేదు. సరస్వతీదేవి కలలో కనిపించి కుంచె ఇచ్చి వెళ్ళింది.

"నేర్చుకుంటే వచ్చే విద్యే అని పిల్లలకు తెలియొద్దా?"

"పుస్తకం కొనేది పిల్లలు కాదండీ, తల్లిదండ్రులు. వాళ్ళకు పుట్టుమేధావులు కావాలి. నేర్చుకోవాలని రాస్తే డ్రాయింగ్ క్లాసు ఫీజు గుర్తొస్తుంది."

"భార్య సత్యవాణి బొమ్మలు వేసేది. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ వేసేది. వాళ్ళేరీ?"

"సత్యవాణి గారు రంగులు కలిపి ఇచ్చారని రాశానుగా," అన్నాడు రచయిత చిన్నబుచ్చుకుని.

చివరి పేజీకొచ్చారు. నాయకుడు చేతిలో కుంచెతో, అసంపూర్ణ చిత్రం ముందు, అస్తమిస్తున్న సూర్యుణ్ణి చూస్తూ ఒరిగిపోయాడు.

"ఆయన పోయింది మశూచితో."

"అబ్బే, పిల్లలు జడుసుకుంటారు," అన్నాడు ప్రచురణకర్త. వాన్గో చెవి కోసుకోవడాన్ని అట్టమీద అచ్చేసింది ఈయనే. చెవి బాగా అమ్ముడుపోతుందిట. మశూచికి గిరాకీ లేదు. దేశంలో ఆ జబ్బు 1975లో ఆఖరుసారి కనబడి మాయమైందనీ, అది టీకా పుణ్యమనీ చెప్పే చోటు చేతికందితే, అక్కడ సూర్యాస్తమయం వేసుకున్నారు.

"ఇరవై ఎనిమిదేళ్ళు నిండి పోయాడన్నారు, అదీ తప్పే. పుట్టింది 1897 మార్చి 8, పోయింది 1925 ఫిబ్రవరి 6."

"ఒక్క నెల కోసం పేచీయా మాస్టారూ?"

"ఆ నెలే ఆయనకు దొరకలేదు."

ప్రచురణకర్త కాసేపు మాట్లాడలేదు. తరవాత టీ డబ్బులిచ్చి, తరవాతి పుస్తకం మైకలాంజెలో అని చెప్పాడు. సిస్టీన్ చాపెల్ కప్పు కింద ఆయన నాలుగేళ్ళు వెల్లకిలా పడుకుని బొమ్మలు వేసే ఘట్టం అప్పటికే రాసేశాడు రచయిత. నిజానికి ఆయన పరంజా మీద నిలబడి, మెడ వెనక్కి వంచి వేశాడు. అలా నిలబడ్డ తన బొమ్మను తనే గీసుకున్నాడు కూడా. మాస్టారు ఆ సంగతి చెప్పబోయేసరికి ఇద్దరూ మోటార్‌సైకిలెక్కారు.

దామెర్ల పుస్తకం అచ్చయింది. బొగ్గుముక్క ఉంది, గూడబాతులున్నాయి, మశూచి లేదు. పిల్లలున్నవాళ్ళు అలాంటిది కొనేముందు చివరి పేజీ తిరగేసి, ఏ ఆధారంతో రాశారో ఒక్క ముక్కైనా ఉందేమో చూడండి. వీలైతే రైలెక్కించి రాజమండ్రి దామెర్ల ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళండి. ఆయన వేసిన బొమ్మలు అక్కడున్నాయి.